ఆడోళ్ళ దిక్కు తెర

నా భర్త పోయిన మరుసటి ఏడు హైదరాబాదులో ఒక గ్రంథాలయంలో ఒక ఇంగ్లీషు పుస్తకం నా చేతికి దొరికింది. లండన్ శివారులో ఉండిన ఒక చిన్న సినిమా స్టూడియో చరిత్ర అది. అట్ట మీద ఆ స్టూడియో గుర్తు చూసి అక్కడే కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఒక పాత తోట ఇల్లు కొని, దాని వెనక షెడ్లు వేసి, మూగ బొమ్మలతో ప్రారంభించారు. బొమ్మకు మాట వచ్చాక బయటి చప్పుడు లోపలికి రాకుండా మందపాటి గోడలు కట్టుకున్నారు. యుద్ధం రోజుల్లో సైనికుల మీద, ఓడల మీద తీశారు. యుద్ధం ముగిశాక చిన్న వీధుల్లో బతికే మామూలు మనుషుల మీద నవ్వు బొమ్మలు తీశారు. పేరు వాటితోనే వచ్చింది. యాభైల నడుమ నడపలేక స్టూడియోను టెలివిజన్ వాళ్ళకు అమ్ముకున్నారు.

ఆ బొమ్మలు ఎక్కడెక్కడ ఆడాయో చెప్పే అధ్యాయం ఒకటి పుస్తకం చివర ఉంది. న్యూయార్కుకు చాలా పేజీలు ఇచ్చారు. బొంబాయికి, కలకత్తాకు చెరొక వాక్యం. తాండూరు లేదు.

ఉండాలని నేను అనుకోను. రాసినవారికి తెలిసే దారి లేదు. తెలిసిన మనుషులలో ఆయన పోయారు, నేను ఉన్నాను. అందుకని ఆ స్టూడియో చరిత్రలో తాండూరు భాగం నేను రాస్తున్నాను.

నాది ధారూర్ దగ్గర పల్లె. వికారాబాద్‌లో మిషన్ బడి బోర్డింగులో ఉండి చదువుకున్నాను. ఇంగ్లీషు అక్కడే వచ్చింది. పోలీసు యాక్షన్ అయిన కొన్నాళ్ళకు పెళ్ళయి తాండూరు వచ్చాను. ఆయన అక్కడ సినిమా హాలులో ఆపరేటరు. హాలు అంటే రేకుల కప్పు, నాపరాతి గోడలు. కుర్చీలు యజమానికి, తహశీలు ఆఫీసు వాళ్ళకు మాత్రమే. మిగతావాళ్ళందరికీ రాతి దిమ్మెల మీద పరిచిన పొడుగాటి నాపరాళ్ళే బెంచీలు. వాటిని బండలు అనేవారు. ఎండాకాలం మధ్యాహ్నం ఆటకు వచ్చేవాళ్ళు కింద వేసుకోవడానికి గోనె సంచి తెచ్చుకునేవారు.

హాలును నిలువునా రెండుగా చీలుస్తూ ఒక నల్లటి గుడ్డ తెర ఉండేది. కుడి దిక్కు మగవాళ్ళు, ఎడమ దిక్కు ఆడవాళ్ళు. దీపాలు ఉన్నంతసేపు తెర మూసి ఉండాలి. చీకటయ్యాక తీసేయవచ్చు, ఎవరి ముఖం ఎవరికీ కనబడదు కాబట్టి. ఇది నిజాం కాలం నుంచి వస్తున్న పద్ధతి. బురఖా వేసుకునే ఇళ్ళవాళ్ళే కాదు, మా ఆడవాళ్ళు కూడా తెర ఉంటేనే హాలుకు వచ్చేవారు. మాకు ఒకటే మెషిను. ప్రతి రీలు అయిపోగానే బొమ్మ ఆగుతుంది, దీపాలు వెలుగుతాయి. అంటే ప్రతి రీలుకు తెర మూయాలి, తీయాలి. చాలా హాళ్ళలో దీపం వెలిగాకే మూసేవారు, ఆడవాళ్ళు గబగబా కొంగులు సర్దుకునేవారు. ఆయన తన గదిలో ఒక సైకిలు గంట బిగించుకున్నారు. రీలు చివరికి వస్తుండగా గంట కొట్టేవారు. నేను తెర లాగేదాన్ని. నేను లాగడం గది కంతలోంచి చూశాకే దీపం వేసేవారు. ఆయన మెషిను నడిపినంత కాలం తెర మూయక ముందు దీపం వెలగలేదు. ఈ మాట తాండూరులో ఆనాటి ఏ ఇంటి ఆడవాళ్ళను అడిగినా చెప్పేవారు.

హిందీ బొమ్మలు, తెలుగు బొమ్మలు మిగతా రోజుల్లో. బేస్తవారం ఇంగ్లీషు బొమ్మ. తెల్ల పటాలాలు వెళ్ళిపోయాక సికింద్రాబాద్‌లో ఆ ప్రింట్లు అడిగేవాళ్ళు తగ్గి, మావంటి ఊళ్ళకు వచ్చాయి. వాటిలో ఎక్కువ ఈ స్టూడియోవే. ఆ సంగతి మాకు మొదట తెలియదు. వారం వారం బొమ్మ మొదట్లో అదే గుర్తు పడుతుంటే ఆయనే ఒకనాడు అన్నారు, "గిది మన ఇంటోళ్ళ బొమ్మ తీరుగనే అయ్యింది."

మొదటి బేస్తవారం ఆడవాళ్ళు మాటలు అర్థం కాక సగంలో లేచి వెళ్ళిపోసాగారు. నా పక్కనున్న పెద్దమ్మ ఒకామె, గనిలో రాయి మోసే మనిషి, నన్ను మోచేత్తో పొడిచింది.

"ఓ పిల్లా, నువ్వు బోర్డింగుల చదివినవట గదా. గా దొరసాని ఏమంటున్నదే?"

"పాలు విరిగినయి అంటున్నది."

"గందుకా గంత మొఖం పెట్టింది!"

వెనక బండ మీదివాళ్ళు "జర గట్టిగ చెప్పరాదు" అన్నారు. అట్లా మొదలైంది. బొమ్మ చెప్పడం అనేవాళ్ళు దాన్ని. నేను తెర పక్కన ఒక ముక్కాలి పీట వేసుకుని కూర్చుని చెప్పేదాన్ని, తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. బొమ్మలో వాళ్ళు అన్నది మాత్రమే చెప్పాలని నాకు నేను పెట్టుకున్న కట్టడి. అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పేదాన్ని.

"గింత చదువు చదివి గంతేనా?" అని ఎత్తిపొడిచేవారు.

"గంతే" అనేదాన్ని.

మగవాళ్ళ దిక్కు బొమ్మ చెప్పడానికి యజమాని వేరే మనిషిని పెట్టాడు. అతను మార్కెట్లో కందుల వేలం, మా మాటలో హర్రాజు, పాడే మనిషి. గొంతు స్టేషను దాకా వినబడేది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. తెర అవతల నిలబడి నా మాట చెవిన వేసుకుని, దానికి తనది కలిపి చెప్పేవాడు. నేను "వాన వచ్చేటట్టున్నది అంటున్నది" అంటే అవతల నుంచి వినబడేది: "అయ్యో, మొగులు గమ్మింది, నా మొగుడు ఇంక ఇల్లు జేరలేదని ఆ తల్లి గుండె బాదుకుంటున్నది!" మగవాళ్ళు ఆహా అనేవాళ్ళు. మా దిక్కు ఆడవాళ్ళు నవ్వు ఆపుకునేవారు. గుండె బాదుకోవడం బొమ్మలో లేదని వాళ్ళకు కనబడుతూనే ఉంది.

అయినా ఇంగ్లీషు రోజున మా దిక్కు నిండేది కాదు. గనుల్లో పని పెరిగి మగవాళ్ళ దిక్కు మాత్రం నిలబడి చూసేవారు. ఒక సోమవారం యజమాని మా ఇంటి ముందుకు వచ్చాడు. ఆయనను అందరూ సేఠ్ అనేవారు. చెడ్డవాడు కాదు. హాలు ఎట్లా నడపాలా అన్నదే ఆయన ఆలోచన.

"అమ్మా, నీతోని దాపరికమెందుకు. బేస్తవారం మీ దిక్కు బండలు ఖాళీగుంటున్నయి. ఈ వారం చూస్త. ఆడోళ్ళు నిండుగ రాకుంటే ఆ తెర పీకిపిస్త. బేస్తవారం హాలంత మగోళ్ళకే ఇస్త."

"తెర లేకుంటే ఆడోళ్ళు ఒక్కరు గూడ రారు, సేఠ్."

"నాకు ఎరకే."

తెర పోతే నాకు ఆ హాలులో చోటు లేదు. ఆ ఊళ్ళో నాదని చెప్పుకునే పని అదొక్కటే. బడిలో పంతులమ్మ ఉద్యోగం రాలేదు, ఇంట్లో పని ఇద్దరికే. బేస్తవారం సాయంత్రం అంతమంది ఆడవాళ్ళు నా మాట కోసం చెవి ఒగ్గి కూర్చునేవారు. అది పోతుందని నాకు భయం పట్టుకుంది. మా ఆయన ఈసారి వచ్చే బొమ్మ ఏమిటో సికింద్రాబాద్ నుంచి కనుక్కుని వచ్చి చెప్పారు, "బట్టలుతికే ఆడోళ్ళ బొమ్మనట." నేను నీళ్ళ దగ్గర, అంగట్లో, గనికి పోయే దారిలో కలిసిన ఆడవాళ్ళందరికీ ఆ ఒక్క మాట చెప్పాను. బేస్తవారం నాడు మా దిక్కు బండలన్నీ నిండాయి. చంక పిల్లలతో కింద కూడా కూర్చున్నారు.

కథ చిన్నది. లండన్‌లో ఒక బీద వీధి. అందరూ కలిసి బట్టలుతుక్కునే ఒక పాత ఇల్లు ఉంటుంది, పెద్ద కాగులతో, ఆవిరితో. గోడ పగిలింది, దీన్ని కూలగొట్టాలి అని సర్కారు ఒక సన్నపాటి ఆఫీసరును పంపుతుంది. ఆయన వానలో తడిసి వస్తాడు. ఆడవాళ్ళు మర్యాద చేసి, కోటు, పంట్లాము ఆరేసి ఇస్తామని తీసుకుని, దుప్పటి కప్పి కూర్చోబెడతారు. ఇక బట్టలు ఇవ్వరు. ఈ ఇల్లు కూలగొట్టనని రాసిస్తేనే ఇస్తామంటారు. దుప్పటితో బయటికి పోలేడు, లోపల ఉండలేడు.

మా దిక్కు నవ్వులకు నా మాట నాకే వినబడలేదు. బురఖా పైకి ఎత్తి కూర్చున్న ఒకామె, బజారులో గాజుల కొట్టు ఆమె, ప్రతి రీలుకు ఆ పంట్లాము సంగతి ఒకటే అడిగేది, "బాజీ, పత్లూన్ దియే కి నై?"

"ఇంక ఇయ్యలేదు, ఆపా."

"నక్కో బోలో దేనే కో!" అని ఆమె బొమ్మలోని ఆడవాళ్ళకు ఇవ్వొద్దని సలహా ఇచ్చేది.

చివరికి వీధిలో ఒక మోటారు వచ్చి ఆగుతుంది. అందులోంచి ఆ ఆఫీసరు మీది పెద్ద ఆఫీసరు దిగుతాడు. తలుపు తడతాడు. లోపల దుప్పటిలో ఈయన లేచి నిలబడతాడు. అక్కడ గంట మోగింది. తెర లాగాను. దీపాలు వెలిగాయి.

మళ్ళీ చీకటి కాలేదు. ఆడవాళ్ళు గొణుగుడు మొదలుపెట్టారు. అప్పుడు మా ఆయన గొంతు తెర అవతల నుంచి వినబడింది. మా దిక్కు ఆయన ఎప్పుడూ రారు.

"ఇగో, విన్నవా. పెట్టె రాలే."

ప్రింటు రేకు పెట్టెలలో రైలు మీద వచ్చేది. చివరి రెండు రీళ్ళ పెట్టె ఆ రోజు బండిలో దిగలేదు. సాయంత్రం బండికి వస్తుంది, ఆట మొదలుపెట్టు అని సేఠ్ అన్నాడు. సాయంత్రం బండి వచ్చింది, పెట్టె రాలేదు.

మగవాళ్ళ దిక్కు హర్రాజు మనిషి ఎంతమాత్రం తడుముకోలేదు. గొంతు సవరించుకున్నాడు. పెద్ద ఆఫీసరు లోపలికి వచ్చి ఆడవాళ్ళ కష్టం చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాడని, కొత్త భవంతి కట్టించాడని, దుప్పటి ఆఫీసరుకు అందరిలోకి అందమైన పిల్లనిచ్చి పెండ్లి చేశాడని, బాజాలు మోగాయని చెప్పాడు. మగవాళ్ళు చప్పట్లు కొట్టి లేచారు.

మా దిక్కు ఎవరూ లేవలేదు. రాయి మోసే పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"అవతలాయన చెప్పిండు. నువ్వు చెప్పు."

"నాకు తెల్వదు, పెద్దమ్మా."

"తెల్వదంటే?"

"ఆ రీలు నేను చూడలే. ఆయన గూడ చూడలే."

"చూడకుంటేంది, చెప్పరాదు! గంత దూరం నుంచి నడిచొచ్చినం."

సేఠ్ తెర అంచున నిలబడి గొంతు తగ్గించి అన్నాడు. "ఏదో ఒకటి చెప్పమ్మా. పెండ్లి అయ్యిందను, పోతరు. గిట్ల కోపంతోని పోతే మళ్ళ రారు. రాకుంటే నీ తెర సంగతి నీకు ఎరకే."

చెప్పడం కష్టం కాదు. ఆ స్టూడియో బొమ్మలు అన్ని చూశాను, ఎట్లా ముగుస్తాయో ఊహించగలను. నోటి దాకా వచ్చింది కూడా. కాని ఇన్ని వారాలు వీళ్ళు నా మాట మీద నవ్వారు, నా మాట మీద కళ్ళు తుడుచుకున్నారు. బొమ్మలో ఉన్నదే చెబుతానని వాళ్ళు నన్ను నమ్మారు. ఇప్పుడు ఒక్కటి కల్పించి చెప్తే వెనక చెప్పినవి కూడా కల్పితాలే అవుతాయి.

"నేను చెప్ప. పెట్టె దొరికితే రేపు చూద్దాం. నాకు గూడ చూడాలెనని ఉన్నది."

ఒకామె "చదువుకున్నోళ్ళ నకరాలు" అంది. గాజుల ఆపా బురఖా దించుకుంది. అందరూ లేచి వెళ్ళిపోయారు. సేఠ్ ఖాళీ బండల వైపు చూసి తల ఊపాడు. "రేపు గీళ్ళు మళ్ళొస్తే నా పేరు మార్చుకుంట. రాకుంటే ఎల్లుండి తెర తీస్త."

ఇంటికి వచ్చాక ఆయనను అడిగాను, నేను చేసింది మీకు తప్పనిపించిందా అని. ఆయన చేతులకు అంటిన మెషిను దీపం కార్బను మసి కడుక్కుంటున్నారు. "నేను ఒక్క రీలు కోయకుంట చూపిస్త. నువ్వు ఒక్క మాట కలపకుంట చెప్తవ్. ఇంక తప్పేంది" అన్నారు. మా పెళ్ళయ్యాక ఆయన నన్ను మెచ్చుకున్నది అదే మొదటిసారి.

పొద్దున బండికి వికారాబాద్ వెళ్ళారు. అది జంక్షను. బీదరు దిక్కు పోయే బండి అక్కడ విడిపోతుంది. జరిగింది అక్కడ తెలిసింది. మా పెట్టెలను ఒక బండి నుంచి ఇంకొక బండికి మార్చేటప్పుడు ప్లాట్‌ఫారం మీద పెట్టారు. బీదరు పోయే పెళ్ళివారు తమ సామానుతో అక్కడే దిగారు. వాళ్ళ పెద్దాయన కూర్చోవడానికి వీలుగా ఉందని మా రేకు పెట్టె మీద కూర్చున్నాడు. వాళ్ళ బండి రాగానే హమాలీలు ఆయనను లేపి, ఆయన కింద ఉన్నది ఆయనదే అనుకుని సారె పెట్టెలతో పాటు ఎక్కించేశారు. బీదరులో పెళ్ళికూతురి చీరల కోసం పెట్టె తెరిస్తే రీళ్ళున్నాయి. ఆ పెద్దాయన తెల్లారేసరికి పెట్టెతో వికారాబాద్‌కు తిరిగి వచ్చి, దించిన చోటే దాని మీదే కూర్చుని ఉన్నాడట. మా ఆయనను చూసి మొదట అన్న మాట, "మా బిడ్డ సారెల గీ చక్రాలు జూసి మా వియ్యంపురాలు ఏమన్నదో ఎరకేనా? మీరు మిషను పెడుతున్నరా, సంసారం పెడుతున్నరా అన్నది."

మధ్యాహ్నం బండికి తాండూరులో దిగారు. ఎప్పుడూ స్టేషను వెనక దారిన టాంగాలో వచ్చేవారు. ఆ రోజు పెట్టె తల మీద పెట్టుకుని బజారు నడుమ నుంచి నడిచి వచ్చారు. గాజుల కొట్టు లోపలి నుంచి ఆపా కేక వేసింది, "పత్లూన్ ఆయా?"

"ఆయా" అన్నారు ఆయన.

ఆ ఒక్క మాట సాయంత్రానికి గనుల దాకా పోయింది. నేను ఎవరికీ చెప్పలేదు. పీట మీద కూర్చుని చూస్తున్నాను. మొదట పెద్దమ్మ వచ్చింది, తన వెంట పని చేసే ఆడవాళ్ళను తీసుకుని. తర్వాత ఆపా తన కోడళ్ళతో. "నకరాలు" అన్న ఆమె కూడా వచ్చి నా ముందు బండ మీదే కూర్చుంది, నా ముఖం చూడకుండా. ముందురోజు కంటే ఎక్కువమంది వచ్చారు. కింద కూడా చోటు లేక గోడకు ఆనుకుని నిలబడ్డారు.

వింత ఏమిటంటే మగవాళ్ళ దిక్కు కూడా నిండింది. ఒకతను హర్రాజు మనిషిని నిలదీయడం తెర ఇవతలికి వినబడింది.

"ఏం పటేలా, పెండ్లయ్యిందంటివి. మా ఇంటామె, గది అబద్ధం, బొమ్మ చెప్పే అమ్మనే తెల్వదన్నది, గీనకెట్ల ఎరక అన్నది. రాత్రంత నన్ను పండనియ్యలే."

హర్రాజు మనిషి తెర దగ్గరికి వచ్చి మెల్లిగా అన్నాడు. "అక్కా, ఇయ్యాల జర గట్టిగ చెప్పు. నువ్వు చెప్పిందే చెప్త, నాది ఒక్క మాట గూడ కలప."

చీకటయింది. మిగిలిన రెండు రీళ్ళు మొదలయ్యాయి. పెద్ద ఆఫీసరు లోపలికి వచ్చాడు. ఆడవాళ్ళు పంట్లాము తెచ్చి ఇచ్చారు. ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి ఉంది. చిన్న ఆఫీసరు తొడుక్కున్నాడు. పెద్దాయన గోడ పగులు మీద వేలు పెట్టి చూశాడు. "గోడ బాగు చేయించండి" అన్నాడు. నేను అదే చెప్పాను. అవతల నుంచి హర్రాజు మనిషి అదే అన్నాడు, మెల్లగా. మోటారు వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు మళ్ళీ కాగుల దగ్గరికి పోయి ఉతకడం మొదలుపెట్టారు. బొమ్మ అయిపోయింది.

నేను తెర మూశాను. దీపాలు వెలిగాయి.

"గంతేనా?" అంది పెద్దమ్మ.

"గంతే."

"పెండ్లి గాలే?"

"కాలే."

"మంచిగయ్యింది. గా సన్నపోన్ని చేసుకుని ఏ పిల్ల సుఖపడుతది?"

నవ్వులు లేచాయి. ఆపా పంట్లాము ఇస్త్రీ చేసి ఇవ్వడం నచ్చిందని అంది. రాయి పనివాళ్ళు ఆ పగులు గురించి మాట్లాడుకున్నారు. అట్లాంటి గోడ కూలదు, నడుమ రెండు రాళ్ళు మార్చితే చాలునని తేల్చారు. గ్రంథాలయంలో చదివిన ఆ పుస్తకం ఈ బొమ్మకు అర పేజీ ఇచ్చింది. ఇది అక్కడ అంతగా ఆడలేదట, ముగింపు చప్పగా ఉందన్నారట. ఆ గోడ చెక్కతో చేసిందట, పగులు రంగుతో గీసిందట. మా గని ఆడవాళ్ళు దాన్ని నిజం గోడ అనే ఒప్పుకున్నారని, ముగింపు చూడడానికి రెండోనాడు పని నుంచి సరాసరి నడిచి వచ్చారని ఆ గీసిన మనిషికి తెలిసి ఉంటే సంతోషించేవాడు. అరవైలు వచ్చేసరికి ఆ ప్రింట్లు అరిగిపోయాయి, స్టూడియో ఏనాడో చేతులు మారింది. వాళ్ళు అమ్ముకున్న నాటికి కూడా తాండూరులో వాళ్ళ బొమ్మ ఆడుతూనే ఉంది. ఇది నేను గర్వంగానే రాస్తున్నాను.

శనివారం సేఠ్ హాలుకు రమ్మని ఆయనకు కబురు పెట్టాడు. నేను కూడా వెళ్ళాను. తెర తీయడం నా కళ్ళతో చూడాలనుకున్నాను. నిచ్చెన వేసి ఉంది. సేఠ్ చేతిలో సుత్తె, కొత్త కొక్కేలు ఉన్నాయి. నన్ను చూసి ఇబ్బందిగా నవ్వాడు.

"నా పేరు ఏం పెట్టుకోవాల్నో నువ్వే చెప్పమ్మా. నిన్న ఆడోళ్ళు గోడకు ఆనుకుని నిలబడ్డరు. గది బాగుండదు. తెరను మగోళ్ళ దిక్కు జరుపుదమనుకుంటున్న."

మా ఆయన సుత్తె అందుకుని నిచ్చెన ఎక్కారు. తాడు విప్పి, పక్క బండ మీదికి జరిపి, కొక్కెం గోడకు ఆనించి నా వైపు చూశారు.

"చాలా?"

నేను బండల వైపు చూశాను. ముందురోజు నిలబడినవాళ్ళను తలచుకున్నాను.

"ఇంకొక బండ" అన్నాను.

ఆయన దిగి, నిచ్చెన జరిపి, మళ్ళీ ఎక్కి అక్కడ కొక్కెం కొట్టారు.